గడి ముందర సైకిలు

మా బాపు కైలాసం జనగామ దవాఖానలో డ్రెస్సరు. అంటే గాయాలు కడిగి, మందు పూసి, పట్టీ కట్టే మనిషి. సాలోళ్ళ ఇంట్లో పుట్టి మగ్గం మీద కూర్చోకుండా ఈ పనిలోకి ఎట్లా వచ్చావని ఎవరైనా అడిగితే, పట్టీ కూడా బట్టే కదా అనేవాడు. ఆయన కట్టిన పట్టీ వారం రోజులైనా జారేది కాదట. మిగతావాళ్ళు మోకాలికి కట్టిన పట్టీ రోగి ఇల్లు చేరేసరికి మడమ దగ్గర ఉండేది. ఇంతకు మించి ఆయన గురించి చెప్పుకోదగిన విశేషం ఏమీ లేదు. లావుగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఈ రెండింటిలో ఒకటి 1949లో మారింది.

అప్పటికి నేను పుట్టలేదు. ఇందులో ఎక్కువ భాగం అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది, కొంత సోమయ్య పెద్దనాయిన చెప్పాడు. బాపును అడిగితే "గదంత ఎందుకిప్పుడు" అనేవాడు. ఇద్దరి మాటల్లో తేడా వచ్చిన చోట నేను అవ్వ మాటే తీసుకున్నాను.

మా ఊరు బోడగుట్టపల్లె, రఘునాథపల్లి నుంచి లోపలికి మూడు మైళ్ళు. జనగామ పద్నాలుగు మైళ్ళు. నిజాం కాలంలో బాపు తెల్లవారుజామున రఘునాథపల్లి దాకా నడిచి ప్యాసింజరు ఎక్కేవాడు. పోలీసు చర్య అయ్యాక బండి వేళలు మారాయి. ఎనిమిదింటికి దవాఖానలో హాజరు పట్టీ మూసేస్తే, బండి తొమ్మిదింటికి వచ్చేది. వస్తే వచ్చినట్టు. అందుకని ఆయన సోమవారం పోయి శనివారం దాకా దవాఖాన వరండాలోనే పడుకునేవాడు. పొద్దున స్టేషను ముందరి హోటల్లో పూరీ, మాపు అదే హోటల్లో మళ్ళీ పూరీ. ఇంట్లో అవ్వ గట్టమ్మ ఒక్కతే ఉండేది. సంగపోళ్ళ కోసం, అంటే దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల కోసం, సిపాయిలు వారానికి రెండుసార్లు ఇల్లిల్లూ వెతికేవాళ్ళు. గింజల గుమ్మిలో చేయి పెట్టి చూసి పోయేవాళ్ళు. ఆ ఇంటివాడు ఎక్కడని అడిగినప్పుడల్లా అవ్వ "దవాఖానల" అని చెప్పేది. నాలుగు నెలలుగా దవాఖానలో ఉంటే ఇంకా బతికే ఉన్నాడా అని ఒక సిపాయి అడిగాడట.

ఫిబ్రవరిలో కొత్త డాక్టరు వచ్చాడు. బెజవాడ వైపు మనిషి. ఆయన వచ్చిన వారంలోనే పత్తి మిల్లులో కాలు విరిగిన కూలీ ఒకతన్ని తెచ్చారు. స్ట్రెచరు ఒక కొస బాపు పట్టుకున్నాడు. వార్డుకు ఎనిమిది మెట్లు. అయిదో మెట్టు మీద బాపు స్ట్రెచరు దించి, గోడకు ఆనుకొని ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాడు. పడుకున్న మనిషి కాసేపు చూశాడు.

"అన్నా, నువ్వు జర కూసో. నేను దిగి నడుస్త తియ్యి," అన్నాడు.

పై మెట్టు మీద డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రమే బాపును కాటా మీద నిలబెట్టాడు. నూట తొంభై ఆరు పౌన్లు.

"ఏమయ్యా కైలాసం, స్ట్రెచరు నువ్వు మోస్తావా, నిన్నే స్ట్రెచరు మీద మోయాలా?" అన్నాడు డాక్టరు.

"మోస్త సార్. మెట్లు లేకుంటె మోస్త."

డాక్టరు నవ్వలేదు. కొత్త సర్కారు ఉత్తర్వు ఒకటి చూపించాడు. పాత సర్కారు నౌకర్లందరినీ మళ్ళీ పరీక్ష చేసి, పనికి తగినవాళ్ళని తేలితేనే ఉంచుకుంటారు. జూన్ ఒకటో తారీకున వరంగల్లు నుంచి పెద్ద డాక్టరు వస్తాడు. పొద్దున ఎనిమిదింటికి పేరు పిలిచినప్పుడు లేనివాడు లేనట్టే. బరువు నూట డెబ్బైకి దిగాలి, ఇసుక బస్తా పెట్టిన స్ట్రెచరుతో ఎనిమిది మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలి, ఆ తరువాత నాడి చూస్తారు. అంతవరకు మూడుసార్లు ఆలస్యంగా వస్తే అసలు పరీక్షకే పిలవరు. వరండాలో పడుకోవడం ఈ నెలతో బంద్.

"మరి ఎట్ల రావాలె సార్?"

"వెనక షెడ్డులో టీకాల మనిషి వదిలేసి పోయిన సైకిలు ఉంది. తొక్కుకుంటూ రా. బరువూ దిగుతుంది, ఇల్లూ చేరతావు."

బాపుకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. సైకిలు ఎక్కడం రాదు. ఆ శనివారం దాన్ని పద్నాలుగు మైళ్ళు నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. అవ్వ లెక్కన వ్యాయామం ఆ రోజే మొదలైంది.

ఇక్కడ మా ఊరి గడి గురించి చెప్పాలి. గడి అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు. ఊరి నుంచి బయటికి పోయే బాట దాని అరుగును ఒరుసుకుంటూ పోతుంది. గడి ముందర బాట కొంచెం వాలు. గడి దాటగానే బోడగుట్ట ఎత్తు మొదలవుతుంది. వాలులో జోరు అందుకున్న సైకిలు గుట్టను సగం దానంతటదే ఎక్కుతుంది. కానీ గడి ముందర ఎవరూ సైకిలు మీద కూర్చొని పోకూడదు. గోడ మొదలైన చోట దిగి, చెప్పులు విడిచి చేత పట్టుకొని, గోడ అయిపోయిన చోట తొడుక్కొని మళ్ళీ ఎక్కాలి. అప్పటికి ఎదురుగా గుట్ట ఉంటుంది. నిలబడ్డ సైకిలు ఎక్కి ఆ ఎత్తును తొక్కగలిగినవాడు మా ఊళ్ళో లేడు. సైకిలు మీద ఎవడు వచ్చినా పైదాకా నూక్కుంటూ పోవలసిందే. బోడగుట్ట సైకిలుకు లొంగదని ఊరందరి నమ్మకం. అందులో గుట్ట వంతు ఎంత, దొర వంతు ఎంత అని ఎవరూ చూడలేదు.

నలభై ఏడులో సంగం వాళ్ళు వచ్చి, ఇక మీద గడి ముందర ఎవరూ దిగొద్దని మీటింగు పెట్టి చెప్పారు. ఆ నెలలోనే దొర హైదరాబాదు వెళ్ళిపోయాడు. అప్పటికి ఊళ్ళో ఉన్నది ఒకే సైకిలు, రఘునాథపల్లి టపాలో పనిచేసే సోమయ్యది. మీటింగు మర్నాడు సోమయ్య దిగకుండా పోదామని గట్టిగా అనుకొని బయలుదేరాడు. గోడ మొదలైన చోట కుడికాలు తనంత తానే సీటు వెనక నుంచి తిరిగి నేల మీదికి వచ్చింది. పదేళ్ళ అలవాటు. మీటింగులో కాలుకు ఎవరూ చెప్పలేదు.

బాపుకు సైకిలు నేర్పింది ఈ సోమయ్యే. బాపు నాలుగు రోజులు సెలవు పెడితే, మా కల్లంలో నేర్పాడు. మొదటి రోజు ఎక్కడం, రెండో రోజు తొక్కడం, మూడో రోజు ఆపడం. నాలుగో రోజు కల్లంలో దూరదూరంగా రెండు రాళ్ళు పెట్టి, ఇది గడి గోడ మొదలు, అది గోడ చివర అన్నాడు. మొదటి రాయి దగ్గర దిగు, చెప్పులు విడువు, నూకు, రెండో రాయి దగ్గర ఎక్కు.

"దొర లేడు గదనే సోమన్నా, గీ దిగుడెందుకు?" అన్నాడు బాపు.

"దొర లేడు. గోడ ఉన్నది గద."

"గోడకు కండ్లున్నయా?"

"నా కాలుకున్నయి తమ్మీ. నేనేం జెయ్యాలె? నాకొచ్చిన ఇద్దెనే నీకు నేర్పుత. దిగుడు రానోడు సగం నేర్చినట్టు."

బాపు చెప్పింది చెప్పినట్టు నేర్చుకునే మనిషి. పూర్తిగా నేర్చుకున్నాడు. ఎంత పూర్తిగా అంటే, మార్చిలో జనగామ పోవడం మొదలుపెట్టాక పెద్ద గేటు కనిపించిన ప్రతి చోటా దిగాడు. మా గడి ముందర దిగాడు. రఘునాథపల్లిలో ఒక షావుకారు ఇంటి ముందర దిగాడు. పత్తి మిల్లు గేటు ముందర, స్టేషను కమాను ముందర, చివరికి తను పనిచేసే దవాఖాన గేటు ముందర కూడా దిగి, చెప్పులు పట్టుకొని లోపలికి పోయాడు. ఇంటి నుంచి దవాఖానకు మొత్తం ఏడు గేట్లు. ఆరింటిదాకా కర్ఫ్యూ కాబట్టి ముందు బయలుదేరడం కుదరదు. ఎనిమిదికి రెండు మూడు నిమిషాలు ఉందనగా, నోరు తెరుచుకొని, చెమటతో చేరేవాడు.

"తొక్కేవాడికి ఇంత సేపు ఎందుకు పడుతోందయ్యా?" అని డాక్టరు అడిగాడు.

"గేట్లున్నయి సార్."

"గేట్లుంటే?"

"దిగాలె గద సార్."

డాక్టరు లేచి వచ్చి సైకిలు బ్రేకులు చూశాడు. బాగానే ఉన్నాయి. గేట్ల సంగతి అర్థం కాకపోయినా డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు, కాగితం మీద రాసి ఇచ్చాడు కూడా. బాటకు ఎడమ పక్కనే పోవాలి. ధోవతి అంచు చైనులో పడకుండా పైకి దోపుకోవాలి. బయలుదేరే ముందు గాలి, బ్రేకులు చూసుకోవాలి. మలుపు దగ్గర, గేటు దగ్గర గంట కొట్టాలి. ఆయాసం వస్తే దిగి నూరు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ ఎక్కాలి. పూరీలు మానెయ్యాలి. చివరికి, దవాఖాన మనిషని దూరం నుంచి తెలియడానికి ఎర్ర గుర్తు ఉన్న గుడ్డ ఒకటి భుజానికి కట్టుకొమ్మని ఇచ్చాడు.

సోమయ్య కూడా జాగ్రత్తలు చెప్పాడు. "ఎవ్వలన్న ఆపితె ఆగు. ఎవ్వలు ఆపకుంటె ఆగకు. ఎవ్వల మొకం యాదికి పెట్టుకోకు."

అవ్వ ఆ ఎర్ర గుర్తు గుడ్డను ఒకసారి చూసి పొయ్యిలో వేసింది. ఆ రోజుల్లో మా వైపు ఒంటి మీద ఎర్రగా ఏదీ ఉండకూడదు. దాని బదులు ఉత్త తెల్ల గుడ్డ కుట్టి ఇచ్చింది. తెల్ల గుడ్డకు అర్థం ఏమిటో సిపాయిలకు తెలియదు, సంగపోళ్ళకు తెలియదు, అవ్వకు తెలియదు. అందుకని అందరూ దాన్ని గౌరవించారు.

సంగపోళ్ళు ఒకే ఒక్కసారి ఎదురుపడ్డారట. రఘునాథపల్లికి ఇవతల సీతాఫలం పొదల్లోంచి ఇద్దరు వచ్చి గాలి పంపు అడిగారు. ఇచ్చాడు. మర్నాడు అదే పొద దగ్గర రాయి మీద పంపు ఉంది. లోపలి తోలు వాషరుకు నూనె పెట్టి ఉంది. వాళ్ళ ముఖాలు బాపు యాదికి పెట్టుకోలేదు.

మార్చి చివర ఖాళీ గడిలో మిలిటరీ క్యాంపు పెట్టారు. మర్నాడు పొద్దున బాపు ఎప్పటిలాగే గోడ మొదట్లో దిగి, చెప్పుల కోసం వంగాడు. గేటు దగ్గరి జవాను, ఈ లావు మనిషి నేల మీద ఏదో పెడుతున్నాడని అనుకున్నాడు. తుపాకి చూపి లోపలికి తీసుకపోయి, తొమ్మిదింటిదాకా ఎండలో కూర్చోబెట్టారు. చెప్పులు రెండూ విప్పి, అడుగు తోలు ఊడదీసి చూశారు. ఏమీ దొరకలేదు. విడిచేటప్పుడు జవాను గట్టిగా చెప్పాడు, "ఇధర్ రుకో మత్. చలో, సీదా చలో." ఆగొద్దు, నేరుగా పో. దవాఖానలో ఒక ఆలస్యం పడింది.

మర్నాడు బాపు ఆగకూడదనే బయలుదేరాడు. గోడ రాగానే కాలు దిగింది. రెండో ఆలస్యం పడింది. ఈసారి జవాను సోమయ్యను కూడా పిలిపించి, ఈ ఊరివాళ్ళకు కాళ్ళలో ఏదైనా రోగం ఉందా అని అడిగాడట.

ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. ఆ సాయంత్రం కల్లంలో మళ్ళీ రెండు రాళ్ళు పెట్టారు. ఈసారి దిగకుండా పోవడం నేర్చుకోవాలి. రాళ్ళ మధ్య అవ్వను పీట వేసి కూర్చోబెట్టారు, అరుగు మీది దొర లాగా. బాపు ఆమె ముందర నుంచి తొక్కుకుంటూ పోవాలి. అవ్వకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు గట్టమ్మా," అన్నాడు సోమయ్య. "దొర నవ్వుతడా?"

"నవ్వుతడో, ఏడుస్తడో. నేనెన్నడన్న తలెత్తి చూసిన్నా?"

"గట్లయితె ఉరిమి చూడు."

"నా మొగన్ని నేను ఉరిమి చూస్తె ఆయన దిగుడు కాదు, ఊరిడిసి పోతడు."

పదకొండు సాయంత్రాలు పట్టింది. అంతవరకు పొద్దున పూట బాపు సైకిలును ఇంటి నుంచే నడిపించుకుంటూ, ఆగకుండా గడి దాటించేవాడు. నడిచేవాడిని జవాను ఏమీ అనలేదు. పన్నెండో రోజు ఎక్కి పోయాడు. కాలు దిగలేదు. ఆ వాలులో సైకిలు జోరు అందుకొని, తొక్కకుండానే గుట్ట మీద తుమ్మచెట్టు దాకా ఎక్కింది. బాపు ఆశ్చర్యపోయి అక్కడే దిగి వెనక్కి చూశాడట. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎక్కుతున్న గుట్ట అంత చిన్నదని ఆయనకు తెలియదు.

ఆ తరువాత రోజూ కొంత పైకి. ఏప్రిల్ నడుమ చీలిన బండ దాకా, మే మొదట్లో మోదుగు చెట్టు దాకా. గుట్ట దగ్గర సమయం మిగిలేసరికి ఏడున్నర దాటగానే దవాఖానలో ఉండేవాడు. మిగతా గేట్ల దగ్గర దిగడం కూడా ఒక్కొక్కటిగా మానేశాడు, దవాఖాన గేటు అన్నిటికంటే చివర. అంగీ వదులైంది. మెడ కనిపించింది. బాయి కాడ ఆడవాళ్ళు అవ్వను పక్కకు పిలిచి, "ఏమైందే నీ మొగనికి? దవాఖానల పనిజేసుకుంట గూడ బీమారయిండా?" అని అడిగారు. మే నెల నడుమకు గుట్ట కొస ఇంకా పన్నెండు అడుగులు ఉందనగా ఊపిరి తెగిపోయి దిగేవాడు. ఆ పన్నెండు అడుగులు తగ్గలేదు.

అప్పుడు దొర తిరిగి వచ్చాడు.

క్యాంపు నీడలో వచ్చాడు. సిపాయిలు పెద్ద వాకిట్లో ఉంటే, దొర వెనక గదుల్లో దిగాడు. పొద్దున పూట అరుగు మీద కుర్చీ వేయించుకొని పేపరు చదివేవాడు. రెండో రోజే గుమాస్తా వెంకట్రాం మా ఇంటికి వచ్చాడు. బాపు ఇంకా రాలేదు.

"గట్టమ్మా, నీ మొగడు దొర ముంగట సైకిలు తొక్కుకుంట పోతుండు."

"ఎట్ల పోవాలె మరి?"

"ఎట్ల పోయేటోళ్ళో నీకెరుక లేదా? దొర దిగుమంటుండు."

"జవాను దిగొద్దంటుండట."

"దొర పెద్దనా, జవాను పెద్దనా?"

"నాకేమెరుక అయ్యా. మీరు మీరు మాట్లాడుకొని మాకొక్క మాట చెప్పుండ్రి."

మాట్లాడుకున్నారు. దొర స్వయంగా క్యాంపు ఆఫీసరును అడిగాడు. క్యాంపు ముందర ఎవడూ ఆగడానికి వీల్లేదని, అది దొర ప్రాణానికే మంచిదని ఆఫీసరు చెప్పాడు. రెండు వారాలు బాపు ఆ ఉత్తర్వు చాటున తొక్కుకుంటూ పోయాడు. దొర పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

మే ముప్పైన క్యాంపు ఎత్తేశారు. సంగపోళ్ళ దళాలు భూపాలపల్లి అడవుల్లోకి పోయాయని, సిపాయిలు కూడా అటు పోయారు. గేటు దగ్గర జవాను లేడు, రుకో మత్ అనేవాడు లేడు. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం, దీపాలు పెట్టక ముందే, వెంకట్రాం మళ్ళీ వచ్చాడు. ఈసారి బాపు ఇంట్లోనే ఉన్నాడు.

"రేపటి సంది దిగాలె కైలాసం. దిగకుంటె జనగామ క్యాంపుకు పంపే కాయితంల నీ పేరు రాస్తనంటుండు దొర. సంగపోడని."

"నేను సంగపోన్ని కాదని దొరకెరుకనే గద."

"ఎరుకనే. గాని రాసుడు నా పని. నాకు ఇష్టముండి రాస్తలేను."

ఆ కాగితం సంగతి అందరికీ తెలుసు. పక్క ఊళ్ళో అట్లా పేర్లెక్కిన ఇద్దరిని ఫిబ్రవరిలో తీసుకపోయారు. ఇంకా తిరిగి రాలేదు, ఎక్కడున్నారని అడగడానికి పోయిన ముసలాయన కూడా రాలేదు.

వెంకట్రాం పోయాక అవ్వ దీపం ముట్టించింది. తరువాత అన్నది, "దిగు. ఏం పోతది? ఇన్నేండ్లు దిగలేదా?"

"దిగుడు రెండు నిమిషాలే. గుట్ట నూకుడు ఇరవై నిమిషాలు. రేపు ఎనిమిదింటికి పేరు పిలుస్తరు."

"మస్తు టైం ముందుగాల పోతున్నవు గద ఇప్పుడు?"

"గుట్ట తొక్కుతున్న కాబట్టి పోతున్న. నూకిపోతె ఆయాసంతోటి పోవుడే. నాడి చూస్తరు."

"వాగు తోవల పో."

"ఇసుకల సైకిలును నేను మొయ్యాలె."

"నౌకరి పోతె పోనియ్యి, మగ్గమున్నది."

బాపు లేచి సైకిలును బోర్లించి చైనుకు నూనె పెట్టాడు. చక్రాల గాలి నొక్కి చూశాడు. బ్రేకులు పట్టి చూశాడు. డాక్టరు కాగితంలో ఉన్నవన్నీ ఒకటొకటిగా చేశాడు. ఏం చేస్తావని అవ్వ మళ్ళీ అడిగితే "పొద్దున చూద్దాం" అన్నాడు. ఇన్నాళ్ళు దిగినా, దిగకపోయినా ఎవరో ఒకరు చెబితే చేశాడు. ఈసారి రెండో మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

పొద్దున ఆరింటికి బయలుదేరాడు. అవ్వ వాకిట్లో నిలబడి చూసింది. అక్కడి నుంచి గడి అరుగు కనిపిస్తుంది. దొర కుర్చీలో ఉన్నాడు. వెంకట్రాం పక్కన నిలబడి ఉన్నాడు. గోడ మొదట్లోకి వచ్చేసరికి సైకిలు కొంచెం ఊగింది. అవ్వ కళ్ళు మూసుకున్నది. ఇక్కడి నుంచి సోమయ్య చెప్పింది రాస్తున్నాను. బాపు తన నోటితో ఈ సంగతి చెప్పింది సోమయ్యకొక్కడికే.

"కుడికాలు లేసిందన్నా," అన్నాడట. "పెడలు మీదికెల్లి లేసింది. తొడ మీద చెయ్యి పెట్టి నొక్కిన."

అట్లా ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో తొడ పట్టుకొని గడి గోడ పొడుగునా పోయాడు. వెంకట్రాం "దిగు, దిగు" అని రెండుసార్లు అన్నాడు. దొర పేపరు దించి చూశాడు. గేటు దగ్గర గంట కొట్టాలన్న నియమం ఆ రోజు తప్పింది. చెయ్యి ఖాళీ లేదు.

అవ్వ కళ్ళు తెరిచేసరికి సైకిలు తుమ్మచెట్టు దాటింది. చీలిన బండ దాటింది. మోదుగు చెట్టు దగ్గర నెమ్మదించింది. ఎప్పుడూ దిగే చోట దిగలేదు. దిగితే వెనక్కి చూడాల్సి వస్తుందని దిగలేదట. గుట్ట అవతలికి దిగి కనిపించకుండా పోయాడు.

దవాఖానకు ఏడుంబావుకు చేరాడు. ఎనిమిదింటికి పేరు పిలిచారు. కాటా ఎక్కమన్నారు. చెప్పులు విడిచి ఎక్కాడు. ఆ రోజు ఆయన చెప్పులు విడిచింది అక్కడొక్కచోటే. నూట అరవై తొమ్మిది. ఇసుక బస్తా స్ట్రెచరుతో మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాడు. రెండో కొస పట్టుకున్న మనిషి మధ్యలో ఆగుదామన్నాడు, బాపు ఆగలేదు. వరంగల్లు పెద్ద డాక్టరు నాడి చూసి, ఇంత మనిషికి ఇంత జోరు ఎందుకుందని అడిగాడు.

మా డాక్టరు బాపు వైపు చూశాడు. "దారిలో ఏమైనా జరిగిందా?"

"ఏం లేదు సార్. గేటు."

"ఇంకా దిగుతున్నావా?"

"లేదు సార్."

పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ నాడి చూశారు. పనికి తగినవాడని రాసి ఇచ్చారు. ఆ కాగితం మీద ఆయన పదిహేడేళ్ళు పట్టీలు కట్టాడు. కానీ ఆ పూట ఆ కాగితం జేబులో పెట్టుకున్నాక ఆయనకు గుర్తొచ్చింది, ఇంటికి పోయే బాట కూడా గడి ముందర నుంచే అని.

సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే గుట్ట దిగాడు. కింద బాటకు అడ్డంగా రెండు రాళ్ళ మీద ఎడ్లబండి కాడి పెట్టి ఉంది. అరుగు మీద దొర, కాడి దగ్గర వెంకట్రాం. బాపు బ్రేకులు పట్టాడు. సైకిలు కాడికి జానెడు దూరంలో ఆగింది. ఎడమకాలు నేల మీద ఆనించాడు. కుడికాలు పెడలు మీదే ఉంది. సీటు మీదే కూర్చున్నాడు.

"దిగిండారా?" అని దొర అరుగు మీద నుంచి అడిగాడు. ఆయనకు కాడి అవతల సరిగా కనిపించడం లేదు.

వెంకట్రాం బాపు కాళ్ళ వైపు చూశాడు. "ఒక కాలు దిగింది దొరా."

"రెండోది?"

"రెండోది దిగలే."

"అడుగు."

"రెండోది దించుతవా?" అని వెంకట్రాం మెల్లగా అడిగాడు.

"దించ," అన్నాడు బాపు. గట్టిగా అనలేదు. పొద్దంతా మెట్లెక్కిన మనిషి, గట్టిగా అనే ఓపిక లేదు.

"దించడట దొరా."

"గట్లయితె కాయితంల పేరు రాయి. రేపు పొద్దుగాల్నే జనగామ క్యాంపుకు పంపు."

వెంకట్రాం కదలలేదు. "ఎవలతోని పంపాలె దొరా?"

"ఎవలతోనో ఒకలతోని."

"సిపాయిలు పోయిండ్రు. వెట్టికి ఎవ్వలు బండ్లు కడుతలేరు. సోమయ్య రఘునాథపల్లి దాకనే. రేపు పొద్దుగాల ఈ ఊర్లకెల్లి జనగామ పోయేటోడు..." వెంకట్రాం ఆగి, సైకిలు వైపు చూశాడు. "గీయనొక్కడే దొరా."

బాపు చొక్కా జేబు సర్దుకున్నాడు.

"ఇయ్యుండ్రి, తీస్కపోత," అన్నాడు. "ఎట్లాగూ పోతున్న."

వెంకట్రాం చాలాసేపు అరుగు వైపు చూశాడు. అటు నుంచి ఏ మాటా రాలేదు. అప్పుడు వంగి, కాడి ఒక కొస ఎత్తి పక్కకు జరిపాడు. బాపు నేల మీది కాలుతో ఒక్క తోపు తోసి, ఎక్కిన సైకిలు దిగకుండానే ఇంటికి వచ్చాడు. అవ్వకు పరీక్ష కాగితం ఇచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది, ఇద్దరికీ చదవడం రాదు. రెండు పక్కలా తిప్పి చూసి అటక మీద దాచారు.

మర్నాడు పొద్దున ఎవరూ ఏ కాయితమూ ఇవ్వలేదు. బాట మీద కాడి లేదు. అరుగు మీద కుర్చీ ఉంది, కుర్చీలో దొర కూడా ఉన్నాడు. కానీ కుర్చీ ముఖం లోపలికి తిరిగి ఉంది, బాటకు దొర వీపు మాత్రమే కనిపించింది. పేపరు చదవడానికి వెలుతురు అటు బాగుంటుందని దొర తిప్పించుకున్నాడని వెంకట్రాం ఊళ్ళో అందరికీ చెప్పాడు. అటు వైపు ఉన్నది గోడ. కిటికీ కూడా లేదు.